పెద్దమ్మ ఆపిన లారీ

మే నెల పద్దెనిమిది, శనివారం. పొద్దున్నే ముఖం కడుక్కుని బయటికి వస్తే చిత్తూరులో మా హాస్టలు గేటు దగ్గర నాయన నిలబడి ఉన్నాడు. ఆ రోజు మొదటి ఆశ్చర్యం అదే. పూతలపట్టు కూడలిలో మాకు కాఫీ హోటలు ఉంది. తొలి బస్సు వచ్చే వేళకు నాయన పొయ్యి దగ్గర లేకపోవడం నేనెప్పుడూ చూడలేదు.

"పెద్దమ్మ పోయింది మే," అన్నాడు. "రాత్రి బాగానే పండుకొనింది. తెల్లారి లేయలేదు. బయల్దేరు."

ఆమె మాకు చుట్టం కాదు. మా హోటలును ఆనుకుని ఉన్న ఇల్లు, దాని వెనకాల మామిడితోట ఆమెవి. భర్త చిన్నతనంలోనే పోయాడు. ఒక్క కూతురిని వడమాలపేటకు ఇచ్చి, తోటను ఒక్కతే చూసుకునేది. ఊరంతా పెద్దమ్మ అంటే నేనూ పెద్దమ్మ అన్నాను.

బడిలో కొత్త మాట నేర్చుకున్నప్పుడల్లా పరుగున పోయి ఆమెకు చెప్పేదాన్ని. ఆమె కాయలు ఏరుతూనే వినేది. "ఆ మాటతో ఏం పనైతాది మే?" అని అడిగేది. పని చెప్పగలిగితే తానూ వాడుకునేది. చెప్పలేకపోతే "అట్లైతే నువ్వే పెట్టుకో" అని నవ్వేది. ఒక్క మాట మాత్రం ఆమే నాకు నేర్పింది. డిక్రీ.

యుద్ధం జరుగుతున్న రోజులవి. పటాలానికి ఊరగాయలు పంపే బెంగుళూరు కంపెనీ ఒకటి ఆమె తోట కాయంతా కొనింది. బయానా మాత్రం ఇచ్చి సరుకు ఎత్తుకుపోయింది. మిగిలిన డబ్బు రాలేదు. రాసిన జాబులకు జవాబు లేదు. ఆ డబ్బులోనే కోత కూలీల కూలి కూడా ఉంది. కంపెనీ ఇయ్యగానే ఇస్తానని ఆమె వాళ్లకు మాటిచ్చింది.

చిత్తూరు మునసబు కోర్టులో చిన్న దావా వేసింది. కంపెనీవాళ్లు సమన్లు తీసుకుని కూడా రాలేదు. కోర్టు ఆమె పక్షాన డిక్రీ ఇచ్చింది. ఆ సాయంత్రం కూడలిలో అందరికీ బెల్లం పంచింది. కోర్టే డబ్బు తెచ్చి ఇస్తుందని ఆమె అనుకుంది. మేమందరం అట్లాగే అనుకున్నాం.

తర్వాత తెలిసింది, గెలవడం వేరు, రాబట్టడం వేరు అని. బెంగుళూరు మైసూరు సంస్థానంలో ఉంది. అది వేరే సర్కారు. మన కోర్టు అమీను, అంటే జప్తు చేసే ఉద్యోగి, ఎల్ల దాటి పోలేడు. డిక్రీ నకలును అక్కడి కోర్టుకు పంపాలి. సరేనని ఆమె ఇంట్లో ఉన్న నకలును వకీలు చేతిలో పెట్టింది. ఆయన తిప్పి తిప్పి చూసి, "ఏమ్మా, ఇది డిక్రీనా, పెండ్లి శుభలేఖా?" అన్నాడట. నాలుగు మూలలా పసుపు, కోర్టు ముద్ర మీద సరిగ్గా ఇంత కుంకుమ. అన్ని రోజులూ గంగమ్మ పటం ముందర పెట్టి పూజ చేసింది. ముద్ర కనబడని కాగితం పనికిరాదని మళ్లీ నకలుకు దరఖాస్తు పెట్టారు.

"గెలిచిన కాగితం కదప్పా, ఉత్తగా పెట్టేదానికి మనసు రాలే," అని ఆమె మా హోటలు బెంచీ మీద కూర్చుని చెప్తుంటే కాఫీ తాగేవాళ్లందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. ఆమే ముందు నవ్వింది.

కానీ నవ్వే కాలం కాదది. మళ్లీ కాయ తయారైంది. కోత మేస్త్రి వచ్చి నిలబడ్డాడు.

"అక్కా, పోయినేటి కూలి తీరకుండా నా మనుసుల్ని తోటలోకి పిలిసేదానికి నాకు మొగం లేదు," అన్నాడు. కోపంగా కూడా అనలేదు. ఆమె ఆ రాత్రి అన్నం తినలేదని మా అమ్మ చెప్పింది. కోసేవాళ్లు లేకపోతే ఆ ఏడు కాయంతా నేలపాలు.

సరిగ్గా అప్పుడే ఆ లారీ కనబడింది. పెట్రోలు దొరకని రోజులు కాబట్టి లారీలకు వెనకాల బొగ్గు కొలిమి కట్టేవాళ్లు. మా కూడలిలో ఆగి బొగ్గు ఎగదోసుకుని పోయేవి. అట్లా ఆగిన ఒక డ్రైవరు, తన లారీ ఆ బెంగుళూరు ఊరగాయల కంపెనీదేనని, దామలచెరువు నుంచి వారం వారం కాయ తోలుతున్నానని నాయనతో మాటల్లో అన్నాడు. నాయన గోడ మీదుగా పెద్దమ్మకు చెప్పాడు. ఆమె మరునాడే వకీలు ముందర నిలబడింది.

"ఆ కంపెనీ వారం వారం మా ఇంటి ముందరే పోతా ఉండాదప్పా. మీరు కాగితాన్ని బెంగుళూరు దాకా పంపేదెందుకు?"

వకీలు కుర్చీలో నుంచి లేచాడట. మన ఎల్లలోకి వచ్చిన సొత్తును మన కోర్టే పట్టుకోవచ్చు.

తర్వాతి వారం అమీను వారంటు జేబులో పెట్టుకుని మా హోటల్లో కాచుకున్నాడు. మధ్యాహ్నం లారీ వచ్చింది. అమీను వారంటు చదివి లారీని జప్తు చేశానన్నాడు. డ్రైవరు పాపం, "నేను జీతగాణ్ణి సామీ," అంటూ అందరికీ దండాలు పెట్టాడు. లారీ అక్కడ ఆగి ఉన్న మూడు దినాలూ అతనికి పెద్దమ్మే అన్నం పెట్టింది.

లారీ నిండా కాయలు. వాటితో తనకు పని లేదు, లారీ మాత్రమే జప్తు అన్నాడు అమీను. గుంపుగా చేరిన జనానికి పండగే.

"కుళ్లిపోనీ! అప్పుడు తెలుస్తాది వాళ్లకు!" అని గట్టిగా అరిచింది మా నాయనే.

పెద్దమ్మ లారీ పక్కకు పోయి కాయల మధ్యకు మోచేయి దాకా చెయ్యి దూర్చింది.

"లోపల ఉడుకుతా ఉండాయి. మా కొట్టంలో గడ్డి పరిస్తే బతుకుతాయి. దించండబ్బా."

మేస్త్రి అక్కడే ఉన్నాడు. "ఏమక్కా! మా కూలి ఎగ్గొట్టినోళ్ల కాయకు మళ్లీ మేమే పరుపు పరసల్లనా?"

"కాయకు కోర్టు తెలీదప్పా," అంది ఆమె. చీర చెంగు బిగించి, గంప నింపుకుని తానే కొట్టంలోకి నడిచింది. రెండో గంపకు మేము పోయాం. మేస్త్రి బీడీ ముట్టించి చూస్తూ నిలబడ్డాడు. ఆమె మూడో గంప ఎత్తబోతుంటే బీడీ పారేసి, "ఆడ దించేది తెలీక గుద్దేస్తా ఉండారు, తప్పుకోండి!" అని మమ్మల్ని తిట్టుకుంటూ లారీ ఎక్కాడు.

మూడో దినం కంపెనీ మేనేజరు బస్సు దిగాడు. ఎండలో కోటు వేసుకుని, పోట్లాటకు సిద్ధమై వచ్చాడు. తన సరుకు కుళ్లి ఉంటుందని, నష్టానికి తిరిగి దావా వేయాలని అనుకుని వచ్చాడేమో. కొట్టం తలుపు తీసి చూపిస్తే కాయలు వరసగా పరిచి ఉన్నాయి. మెత్తబడినవి వేరుగా ఉన్నాయి. ఆయన వంగి ఒక కాయను చేతిలోకి తీసుకుని చూశాడు.

"మా కాయలు మీరెందుకు దించినారు?" అన్నాడు వచ్చీరాని తెలుగులో.

"మీవని దించలేదప్పా. కాయలని దించినాము."

ఆయన డిక్రీ సొమ్ము, ఖర్చులతో సహా అమీనుకు కట్టి రసీదు తీసుకున్నాడు. లారీ విడిపించారు. అప్పుడు పెద్దమ్మ చెయ్యి చాచింది.

"దించినందుకు, మళ్లా ఎక్కించేదానికి కూలి. అది కోర్టు లెక్కలో లేదు."

మేనేజరు నవ్వలేక నవ్వి అదీ ఇచ్చాడు. మేస్త్రి మనుషులు ఆ లారీకి కాయ ఎక్కించినంత హుషారుగా ఇంకే లారీకీ ఎక్కించలేదని ఇప్పటికీ చెప్పుకుంటారు.

సొమ్ము కోర్టు నుంచి చేతికి రాగానే ఆమె ఇంటికి పోలేదు. మా హోటలు బెంచీ మీద కూర్చుని కూలీలను ఒక్కొక్కరినే పిలిచి చేతిలో పెట్టింది. "ఇంతకాలం అడగకుండా ఉండారు సూడు, అదే నన్ను తినేసింది," అంది. మరునాడు వాళ్లు ఆమె తోటలో చెట్లెక్కారు.

ఇది జరిగి రెండేళ్లయింది. జప్తు అనే మాట ఆమెకు ఎంతో నచ్చింది. మా పిల్లి పాలు తాగితే పిల్లిని, నేను పొద్దెక్కేదాకా పడుకుంటే దుప్పటిని జప్తు చేసేది. నేను టీచరు చదువుకు పోతానన్నప్పుడు ఇంట్లో వద్దంటే, "ఆ పిల్లకు మాటలంటే ఇష్టం. పోనీండి, పని నేర్సుకుంటాది," అని మా నాయనకు ఆమే చెప్పింది. ఇదంతా రాయడానికి నా దగ్గర మాటలున్నాయంటే అందులో ఆమె భాగం ఉంది.

ఈ రోజు సోమవారం. తోట నిండా కాయ ముదిరి ఉంది. సాయంత్రం మేస్త్రి తన మనుషులతో వచ్చాడు. ఆమె కూతురు వాకిట్లో కూర్చుని ఏడుస్తూ, "నాకు తోట సంగతి తెలీదన్నా. చేతిలో కూలి దుడ్డు కూడా లేదు. ఏమని పిలిసేది మిమ్మల్ని?" అంది.

"నిన్ను కూలి అడిగినామామ్మా? కాయ అమ్మినాక ఇద్దువులే," అన్నాడు మేస్త్రి.

వాళ్లు పోతూ పోతూ కర్రలకు వలలు కట్టిన చిక్కాలను వాకిట్లోనే గోడకు ఆనించి పోయారు. నేను ఇది రాస్తుంటే గాలికి ఆ వలలు కదులుతున్నాయి.

ఎల్లుండి దాకా హాస్టలుకు పోను. రేపు తెల్లవారకముందే లేచి, ఆమె కూతురితో కలిసి తోటలోకి పోవాలి. ముందుగా ఏ చెట్టు కాయ కోయాలో ఆ కూతురికీ తెలియదు, నాకూ తెలియదు. మేస్త్రి చూపిస్తానన్నాడు.