రెండు ఫాంట్ల కంప్యూటర్

నిన్న మా ఇంట్లో కంప్యూటర్ ఉన్నట్టుండి మొరాయించింది. తెర మీద చక్రం తిరుగుతూ ఉంటే, నా చేయి దానంతటదే లేచి దాని వీపు తట్టింది. ఆ అలవాటు మా అక్కది.

వరంగల్ స్టేషన్ రోడ్డులో మా బావకు డీటీపీ సెంటర్ ఉండేది. పెళ్లి కార్డులు, శ్రద్ధాంజలి ఫ్లెక్సీలు అక్కడ తయారయ్యేవి. ఆయన కంప్యూటర్ ఎంత పాతదంటే, దానికి సరిపోయే ర్యామ్ ఊరంతా వెతికినా దొరకలేదు. కొత్తది కొనమంటే వినడు. ఉన్నదాన్నే తేలిక చేస్తూ వచ్చాడు. తెర మీది బొమ్మ తీసేశాడు, ఆటలు తీసేశాడు, ఆఖరికి రెండు తెలుగు ఫాంట్లు తప్ప అన్నీ పీకేశాడు. "పెండ్లికొకటి, సావుకొకటి. గంతకన్న మనిషికేం గావాలె బామ్మర్దీ?" అనేవాడు. ఏ ఫైలుకూ రెండో కాపీ ఉంచేవాడు కాదు. దిద్దినదాన్ని పాతదాని మీదే సేవ్ కొట్టేవాడు. ఇంత చేసినా అది ఆగిపోతూనే ఉండేది. పక్కన కూర్చుని అచ్చుతప్పులు చూసే అక్క దాని వీపు తట్టి, "ఊకె ఉరికియ్యకు, జర దమ్ము తీస్కోనియ్యి దాన్ని" అనేది. బావ చాయ్ తాగి వచ్చేసరికి అది నిజంగానే కదిలేది.

ఆ దమ్మే అక్కకు అందలేదు. ఊపిరితిత్తులు చెడి, దవాఖానలో ఎగశ్వాసతో కొట్టుకుని వెళ్లిపోయింది. కర్మ నాటికి ఇంటి ముందు ఫ్లెక్సీ కట్టాలి. ఊరందరి ఫోటోలూ దిద్దిన ఆ ఇంట్లో అక్కది ఒక్కటే ఉంది. కెమెరా కనిపిస్తే కొంగు అడ్డం పెట్టుకునే మనిషి మరి! స్టేషన్ ఘన్‌పూర్‌లో ఎవరిదో పెళ్లిలో ఫోటోగ్రాఫర్ పట్టుబట్టి, బావ చేత ఆమె భుజాల చుట్టూ చేయి వేయించి తీసిన ఫోటో అది. ఇద్దరూ సిగ్గుతో చచ్చిపోతూ నవ్వుతున్నారు.

ఆ ఫైలు పెద్దది. ఫ్లెక్సీ సైజుకు పెంచబోతే చాలు, కంప్యూటర్ ఆగిపోయేది. తెల్లారితే కర్మ. "వేరే షాపుల చేయిద్దాం బావా" అన్నాను.

"నా పెండ్లాం ఫోటో ఇంకోడు కోస్తడా?" అని కసిరాడు. కాసేపటికి గొంతు తగ్గించి, "పక్క మనిషిని తీసేస్తే తేలికైతది" అన్నాడు.

ఆ పక్క మనిషి తనే. కత్తిరించాడు. అలవాటుగా పాతదాని మీదే సేవ్ కొట్టాడు, బరువు తగ్గాలని వెంటనే మూసేశాడు కూడా. అప్పుడు గానీ చేసిన పని తెలియలేదు. "ఇద్దరం కలిసున్నది గదొక్కటే గదా బామ్మర్దీ" అంటూ కుర్చీలో కూలబడ్డాడు. పెళ్లివాళ్లను, ఆ ఫోటోగ్రాఫర్‌ను అడిగాం. వాళ్ల దగ్గరా లేదు. నాకు ఏడుపు కంటే ముందు ఆ డబ్బా మీద కోపం వచ్చింది.

మర్నాడు చావు ఫాంటులో అక్క పేరుతో ఫ్లెక్సీ కట్టాం. ఆమె అవతలి భుజం మీద బావ వేళ్లు నాలుగు మిగిలిపోయాయి. వాటిని చెరపడానికి ఆయనకు చేతులు రాలేదు.

ఇప్పుడు బావా లేడు. ఆయన ఫ్లెక్సీ ఇంకో దుకాణంలో ఇట్టే తయారైంది. ఇద్దరినీ ఒక్కచోట చూడాలంటే నాకు ఆ నాలుగు వేళ్లే దిక్కు. కాలమూ మా బావలాగే పని చేస్తుంది, రెండో కాపీ ఉంచదు.