ప్లైవుడ్ డబ్బా, ఖరీదైన డబ్బా

మొన్న గురువారం పొద్దున చిన్నాయన పోయాడు. నాగర్‌కర్నూల్‌లో నేను కాలేజీకి బయలుదేరుతుంటే ఆయన కొడుకు ఫోన్ చేసి, "అక్కా, నాయిన లేడు" అన్నాడు. చాయ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, మంచం మీద ఒరిగాడట. మళ్ళీ లేవలేదు. నేను వనపర్తి చేరేసరికి వాకిట్లో చుట్టాలకన్నా పాన్‌గల్, పెద్దమందడి వైపు నుంచి వచ్చిన ఆడవాళ్ళే ఎక్కువ ఉన్నారు. వాళ్ళ పేర్లు మా ఇంట్లో ఎవరికీ తెలియవు. ఎందుకొచ్చారో మాత్రం నాకు తెలుసు. అది రాయాలనే ఇది మొదలుపెట్టాను. సరిగ్గా రాయగలనో లేదో.

చిన్నాయన మా నాన్నకు తమ్ముడు. గద్వాలలో ఒక రేడియో మేస్త్రి దగ్గర పని నేర్చుకుని, మల్దకల్ జాతరలో మైకులు కట్టి, చివరికి వనపర్తిలో రేడియోలు, టేపురికార్డర్లు బాగుచేసే దుకాణం పెట్టుకున్నాడు. రిపేరు పని బతకడానికి. మనసంతా స్పీకర్ డబ్బాల మీదే. ప్లైవుడ్ కోసి, లోపల పాత దిండ్ల దూది కూరి, స్వయంగా కట్టేవాడు. కట్టిన ప్రతి డబ్బానూ కుండ కొనేవాళ్ళు కొట్టి చూసినట్టు వేలి కణుపుతో కొట్టి, ఒక కన్ను మూసి వినేవాడు. బొరుగులు తింటున్నా సరే, ఎవరైనా క్యాసెట్ ఇస్తే ముందు చేతులు లుంగీకి తుడుచుకునే అందుకునేవాడు.

ఖరీదైన కంపెనీ స్పీకర్లలో పాట నిజంగా బాగా వినిపిస్తుందా అని ఎవరడిగినా ఆయన జవాబు చెప్పేవాడు కాదు. దుకాణంలో అడ్డంగా ఒక దుప్పటి కట్టి, దాని వెనక రెండు రకాల డబ్బాలూ పెట్టి, ఒకే పాటను ఒకదాని తర్వాత ఒకదాంట్లో వినిపించేవాడు. ఏది ఏదో చెప్పమనేవాడు. చాలామంది తప్పు చెప్పేవాళ్ళు. నేనూ చెప్పాను. ఒక సహోద్యోగి ఇంట్లో విని ఆశపడి, హైదరాబాద్ నుంచి ఖరీదైన జత తెచ్చుకున్నాను. వైరు కలపడం తెలియక చిన్నాయన దగ్గరికి పట్టుకెళితే, ఆయన ముందు దుప్పటి కట్టాడు. రెండుసార్లూ ఆయన ప్లైవుడ్ డబ్బా మోగినప్పుడే ఇదే నాది అన్నాను. పక్క హోటల్లో చాయ తాగేవాళ్ళు నవ్వారు.

"పైసలు వెట్టినంక చెవులు గూడ మనం చెప్పినట్టే ఇంటయ్ బిడ్డా. కండ్లతోని ఇనకు," అన్నాడు.

కోపం వచ్చి వాటిని అక్కడే వదిలేసి వచ్చాను. కొన్ని నెలలు దుకాణంలో ఓ మూల ఉండిపోయాయి.

అప్పటికి ఊళ్ళలో ఫోన్లు ఇంకా రాలేదు. కూలీలను కూడగట్టి తీసుకెళ్ళే గుంపుమేస్త్రి వెంట పుణెకో బొంబాయికో పనికి వెళ్ళినవాళ్ళకు చదువు రాదు, ఇంటి దగ్గరున్న వాళ్ళకూ రాదు. ఉత్తరానికి బదులు పాత పాటల క్యాసెట్ మీద తమ మాటలు రికార్డు చేసి, ఊరికి వచ్చేవాళ్ళ చేతికిచ్చి పంపేవాళ్ళు. ఇంట్లో టేపు లేనివాళ్ళు చిన్నాయన దగ్గరికి వచ్చి వినేవాళ్ళు. ఆయన స్టూలు వేసి కూర్చోబెట్టి, అంతా వినిపించి, క్యాసెట్ తిప్పి వాళ్ళ జవాబు రికార్డు చేసిచ్చేవాడు. మాటలు అయిపోగానే ఒక్కోసారి చెరిగిపోని పాత పాట ముక్క వినిపించేది. అప్పుడు అందరూ నవ్వేవాళ్ళట.

పాన్‌గల్ దగ్గరి పల్లె నుంచి ఒకామె అలాగే వచ్చింది. ఒక్కడే కొడుకు. రాళ్ళు పిండిచేసే క్రషర్ దగ్గర పని. తాను మంచిగున్నానని, పరేషాన్ కావద్దని, ఇప్పట్లో రాలేనని కొడుకు చెప్పాడు. అదంతా ప్లైవుడ్ డబ్బాలో విని ఆమె చిన్నాయననే అడిగింది. ఈ సంగతి ఆయనే నాకు తర్వాత చెప్పాడు.

"అన్నా, వాన్ని రమ్మందునా? నా పాణం ఎందుకో కొట్టుకుంటుంది."

"గొంతు కంచు లెక్కుంది. పని చెడగొట్టకు, ఉండనియ్యి," అన్నాడట చిన్నాయన.

ఆమె క్యాసెట్ రెండో వైపు రమ్మనే మాట చెప్పలేదు. వేళకు తినమని మాత్రం చెప్పింది. ఆ జవాబు తీసుకెళ్ళే మనిషి దొరకక క్యాసెట్ ఆమె దగ్గరే ఉండిపోయింది.

రెండు నెలలైనా కొడుకు దగ్గరి నుంచి కొత్త క్యాసెట్ రాలేదు. ఆ పాతదే మళ్ళీ విందామని వచ్చింది. ఆ రోజు నేనున్నాను. ప్లైవుడ్ డబ్బా అతుకు ఊడి బల్ల మీద విప్పి ఉంటే, చిన్నాయన నా స్పీకర్లు తగిలించాడు. కొడుకు మాటలు మొదలయ్యాయి. రెండు మాటలకొకసారి ఊపిరి లోపలికి లాగుతున్న చప్పుడు, పచ్చి కట్టె మీద రంపం ఆడినట్టు. "మంచిగున్న" అన్నాక మైకు మీద చెయ్యి అడ్డం పెట్టిన చప్పుడు, దాని వెనక దగ్గు. మూడుసార్లు.

ఆమె ఏడవలేదు. స్టూలు మీద నుంచి లేచి నిలబడింది.

"అన్నా, గిది ముందుగాల లేకుండె."

చిన్నాయన టేపు ఆపాడు. షట్టర్ వేసి, ఆమెను వెంటబెట్టుకుని అప్పటికప్పుడు గుంపుమేస్త్రి ఇంటికి పోయాడు. రెండు వారాలకు కొడుకును తెచ్చారు. రాతి దుమ్ము ఊపిరితిత్తులంతా నిండిపోయిందని, ఇంకా ముందే తేవలసిందని దవాఖానలో చెప్పారు. వానలు పడకముందే పోయాడు.

ఊరు దీన్ని ఇంకో రకంగా అర్థం చేసుకుంది. "సూసినవా, కంపెనీ డబ్బ కంపెనీ డబ్బనే" అని చాయ హోటల్లో చిన్నాయనకు వినపడేటట్టే అన్నారు. ఎప్పుడూ మాటకు మాట అనే మనిషి, తల ఎత్తలేదు.

ఆ కొడుకుకు మట్టి ఇచ్చిన మూడోనాడు నన్ను పిలిపించాడు. ఆ తల్లి క్యాసెట్ ఇంట్లో పెట్టుకోలేక ఆయనకే ఇచ్చి వెళ్ళిందట. ఆమె మళ్ళీ ఎన్నడూ దుకాణం మెట్టెక్కలేదు. చిన్నాయన దుప్పటి కట్టి, ఈసారి తాను ముందు కూర్చుని, నన్ను వెనక్కి పంపాడు. ప్లైవుడ్ డబ్బాలోనే వెయ్యమన్నాడు. వేశాను. దగ్గు ఉంది. చిన్నగా ఉంది, కానీ ఉంది. ఇంకోసారి వెయ్యమన్నాడు.

"గిండ్ల గూడ ఉంది," అన్నాడు.

ఇప్పుడు తెలుసు కాబట్టి వినపడుతోంది, అప్పుడైతే ఎవరికీ వినపడేది కాదు అన్నాను. ఓదార్చడానికే అన్నాను. సగం నమ్మి కూడా అన్నాను.

"కాదు బిడ్డా. ఆమె పాణం కొట్టుకుంటుందని చెప్తుండె. నేను ఆ మాట ఇనలే. ఆ పిలగాని ఊపిరి గూడ ఇనలే. నా డబ్బ మంచిగ పలుకుతుందా లేదా, గదే ఇన్న."

ఖరీదైన స్పీకర్లు మేలా అంటే, ఇన్నేళ్ళ తర్వాత కూడా నేను తేల్చి చెప్పలేను. ఆ దగ్గును మొదట బయటపెట్టింది అవే, అది నిజం. కానీ మొదటిసారి దుకాణంలో ఫ్యాను తిరుగుతోందట. నేనున్న రోజున అది కాలిపోయి ఆగి ఉంది. మొదటిసారి ఆ తల్లి కబురు కోసం వింది, రెండోసారి కొడుకు కోసం. ఏది తేడా తెచ్చిందో ఎవరు చెప్పగలరు? స్పీకర్లు ఇంటికి తెచ్చుకున్నాను గానీ వాటిలో పాట పెట్టబుద్ధి కాదు. ఒకటి మాత్రం ఆయన నుంచి నాకు దక్కింది. క్లాసులో పిల్లలు అర్థమైంది మేడమ్ అన్నాక, నేను వెంటనే తర్వాతి పాఠానికి పోను. కాసేపు ఆగుతాను.

తర్వాత చిన్నాయన దుప్పటి ఆట ఆడలేదు. ఏది మంచిదని అడిగితే, "ఏం ఇనాల్నో ముందుగాల చెప్పు" అనేవాడు. కబుర్ల క్యాసెట్ వస్తే మాత్రం నడి ఎండాకాలంలోనైనా ఫ్యాను ఆపి, షట్టర్ సగం దించి, రెండుసార్లు వినేవాడు. ఒకసారి మాటల కోసం, ఒకసారి మాటలు లేనిచోట కోసం. అట్లా ఇద్దరిని వెనక్కి పిలిపించాడని తెలుసు. వాళ్ళు బతికారా అని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

ఇప్పుడు అందరికీ సెల్‌ఫోన్లు వచ్చాయి. క్యాసెట్లు పోయాయి, దుకాణంలో గిరాకీ కూడా పోయింది. అయినా ఆడవాళ్ళు రావడం మానలేదు. కొడుకుతోనో పెనిమిటితోనో మాట్లాడుతూ మాట్లాడుతూ మెట్లెక్కి వచ్చి, నడి మాటలో ఫోను చిన్నాయన చేతికిచ్చేవాళ్ళు. నేను ఆయన్ను చివరిసారి చూసింది అట్లాగే. ఫోను చెవికి ఆనించి, ఎవరూ కదలొద్దన్నట్టు రెండో చెయ్యి పైకెత్తి, ఒక కన్ను మూసి నిలబడ్డాడు. అవతల ఎక్కడో దూరాన ఎవరో పిల్లవాడు, "అమ్మా... అమ్మా, ఇంటున్నవా?" అని అడుగుతున్నాడు. చిన్నాయన ఇంకా వింటూనే ఉన్నాడు.