మంగళమైనాక పాట లేదు

నా గొంతు పెద్దది. దాన్ని మంచి గొంతు అనుకోవడం నా తెలివితక్కువతనం. డెబ్భైల చివర్లో ఆదోని శ్రీరామనవమి కచేరీల కోసం బృందగానం కట్టినప్పుడు, ఉత్సవాల సెక్రటరీ "మంగళం ఎత్తుకునే పని నీదేనప్పా" అన్నాడు. పట్టాభిషేకం రాముడికి కాక నాకే జరిగినట్టు పొంగిపోయాను. రోజూ కచేరీ చివర బృందం మంగళం పాడాలి, ఆ తర్వాత ఇక ఎవరూ పాడకూడదు. అది ఆనవాయితీ.

మాకు నేర్పింది రిటైరైన ఒక టీచరమ్మ. శివరాత్రి వెళ్లినప్పటి నుంచి పత్తి కొట్టు మీది గదిలో సాధన. గాల్లో దూది, గొంతులో దూది. దగ్గు కూడా తాళం తప్పకుండా దగ్గేవాళ్లం. మంగళానికి ముందు పాడటానికి నేర్చుకున్నది కల్యాణిలో ఒకే కీర్తన. అందులో స్వరాలు ఆమె ఒక్కతే పాడాలి. బడిలో ప్రార్థన తప్ప నలుగురి ముందు ఎన్నడూ పాడని మనిషి, ఆ స్వరాల కోసం చన్నీళ్లు మానేసి ఫ్లాస్కులో వేడినీళ్లు మోసుకొచ్చేది.

మొదటి సాయంత్రం విద్వాంసుడి కచేరీ అయ్యాక సెక్రటరీ తానూ ఒక కీర్తన పాడాడు. పందిరి వేయించినవాడికి శ్రుతి ఎందుకు? పాడి, నావైపు తల ఊపాడు. నేను ఠక్కున మంగళం ఎత్తుకున్నాను. జనం లేచారు, హారతి తిరిగింది.

"మరి మా పాట?" అంది టీచరమ్మ.

"మంగళమైనాక పాడితే ఊరికి అరిష్టమమ్మా," అన్నాడు సెక్రటరీ. "రేపు పాడుదురులే."

ఆ రేపు రోజూ వచ్చింది. రోజూ ఆయన పాడాడు, తల ఊపాడు, నేను ఎత్తుకున్నాను. ఎద్దుకైనా ముల్లుగర్ర కావాలి, నాకు అదీ అక్కర్లేకపోయింది.

"నీకు నోరే గానీ చెవుల్లేవాప్పా? ఆయప్ప మనల్ని పానకం బిందెల మాదిరి ఈడ కూసోబెట్టినాడు" అన్నాడు పక్కన పాడే నేత కార్మికుడు.

టీచరమ్మ ఆఖరి రోజు ఫ్లాస్కు తేలేదు, అంతే. అది చూశాక నాకు ఒళ్లు మండింది. అప్పటికి ఆదోనిలో ఉత్సవాలే ముగిశాయి.

మిగిలింది ఎమ్మిగనూరులో ఒక్క సాయంత్రం. అక్కడా ఆయనే సెక్రటరీ. "రాండప్పా, వేదిక నిండుగా కనపడాల" అని మమ్మల్ని బస్సెక్కించాడు. మేమేమన్నా అరటిపిలకలమా, గుంజలకు కట్టడానికి!

కచేరీ ముగిసింది. విద్వాంసుణ్ణి కారు దాకా సాగనంపడానికి సెక్రటరీ లేచాడు. "నేనొచ్చి పాడతా. అంతవరకు జనాన్ని కదలనీయొద్దు" అని నాకు చెప్పి పోయాడు.

కదలనీయలేదు. "అమ్మా, పాడుదాం" అన్నాను. టీచరమ్మ నన్నొకసారి చూసి, శ్రుతిపెట్టె దగ్గరికి లాక్కుంది. అందుకున్నాం. స్వరాల దగ్గర మేమంతా ఆగాం. ఆమె గొంతు మొదట వణికింది, తర్వాత నిలబడింది. ముందు వరుసలో నేతగాళ్ల చేతులు తొడల మీద తాళం వేస్తున్నాయి. ఆమె కీర్తన పూర్తిచేసే సరికి సెక్రటరీ పట్టు ఉత్తరీయం సవరించుకుంటూ వేదిక మెట్ల దగ్గరికొచ్చాడు.

ఎవరూ తల ఊపకుండానే మంగళం ఎత్తుకున్నాను. గొంతు పెద్దదని చెప్పాను కదా. జనమంతా లేచి నిలబడ్డారు. హారతి పళ్లెం కదిలింది.

"ఏమప్పా, నా పాట యాడికి పాయ?" అన్నాడు, మొహం కందగడ్డ చేసుకుని.

"మంగళమైనాక పాడితే ఊరికి అరిష్టం కదన్నా," అన్నాను. "రేపు పాడుదురులే."