నా పిల్లకి ఆయన నేర్పిన నాటకం

"మీకూ కాస్త రెస్టుగా ఉంటుందండి మేడం గారూ" అన్నారు మా హెడ్మాస్టరు గారు.

రెస్టు కావాలని నేనెవర్నీ అడగలేదు. రాజోలు దగ్గర మా హైస్కూల్లో నేను తెలుగు టీచర్ని. నాటకాలు వేయించేది కూడా నేనే. ఎవరూ చెప్పకుండా నెత్తినేసుకున్న పని అది. ఆ ఏడు యాజమాన్యం వారికి ఉన్నట్టుండి ఒక ఆలోచన వచ్చింది. సీనియర్ పిల్లలకి శనివారం మధ్యాహ్నాలు నటన పెద్ద ఎత్తున నేర్పించాలట. అందుకోసం యూనివర్సిటీలో రంగస్థలం చదువుకున్న ఒక కుర్రాణ్ని మండపేట నుంచి పిలిపించారు. తొమ్మిది, పది తరగతులు ఆయనకి. ఆరు, ఏడు నాకు. అంటే అట్టముక్కలతో కుందేలు చెవులు కత్తిరించుకునే పిల్లలన్నమాట.

"ఆయ్, అలాగేనండి" అని బయటికొచ్చాను. వరండాలో ఎదురైన అటెండరు మీద, నీళ్ళ డ్రమ్ముకి మూత లేదని కేకలేశాను. మూత ఉంది, పక్కన పెట్టాడంతే.

అంతవరకే అయితే ఓర్చుకునేదాన్నేమో. ఆ సీనియర్ బ్యాచిలో నా పిల్ల ఉంది. నేను కన్నది కాదు. ఆరో తరగతిలో చేరినప్పుడు, హాజరు పిలిస్తే "ప్రెజెంట్" అన్న మాట దాని పెదాలు దాటి వచ్చేది కాదు. స్కూలు వెనక పంటకాలవ ఉంది. నేను ఇవతలి గట్టున నిలబడి దాన్ని అవతలి గట్టుకి పంపేదాన్ని. నేనొక డైలాగు అరిస్తే అది తిరిగి అరవాలి. నాకు వినపడేదాకా ఇంటికి పోనిచ్చేదాన్ని కాదు. గేదెలు తోలుకెళ్ళేవాళ్ళు నిలబడి నవ్వేవారు. తొమ్మిదో తరగతికొచ్చేసరికి అది స్టేజీ మీద నోరు తెరిస్తే మైకు అక్కర్లేదు. ఆ గొంతు నేను పెట్టిన గొంతు.

నా పద్ధతేమిటంటే నేను చెబుతాను, పిల్లలు నా వెనకాలే అంటారు. నేను ఎక్కడ సాగదీస్తే అక్కడ సాగదీయాలి, ఎక్కడ విరిస్తే అక్కడ విరవాలి. మా వైపు పద్యనాటకాల వాళ్ళంతా అలాగే నేర్చుకున్నారు. తెర పక్కన నిలబడి మాట అందించే ప్రాంప్టరు లేకుండా ఇక్కడెవరూ స్టేజీ ఎక్కరు. పాత్రధారి తడబడితే జనమే కేకేస్తారు, "ప్రాంప్టరు గారూ, కాస్త గట్టిగా అందించండీ" అని. దాన్నెవరూ తప్పుగా అనుకోరు.

మొదటి శనివారం, సుద్దముక్కల డబ్బా మర్చిపోయానన్న వంకతో భోజనాల షెడ్డులోకి వెళ్ళాను. సీనియర్ పిల్లలందరూ చాపల మీద వెల్లకిలా పడుకుని కళ్ళు మూసుకున్నారు. ఆయన వాళ్ళ మధ్య చెప్పుల్లేకుండా తిరుగుతూ, "గాలి పొట్టలోకి వెళ్తోంది, చూసుకోండి" అంటున్నారు. ఇదా పాఠం? నిద్రపుచ్చడానికి మండపేట నుంచి మనిషి కావాలా? నేనైనా పుచ్చుదును.

రెండోసారి వెళ్ళినప్పుడు నవ్వలేకపోయాను. చేతిలో గ్లాసు లేకుండా టీ తాగమన్నారాయన. మగపిల్లలు వేళ్ళు వంకరగా పెట్టి గడగడా తాగేశారు. నా పిల్ల మాత్రం లేని గ్లాసుని పైట చెంగుతో పట్టుకుంది. వేసుకున్నది చుడీదారు. ఆ పైటా లేదు. అయినా నాకు చెంగు కనపడింది. ఊదింది, చప్పరించింది, నాలిక చురుక్కుమంటే ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూసింది. నా ఒళ్ళు జల్లుమంది. ఇన్నేళ్ళలో అది నా ముందు ఒక్కసారైనా అలా చేయలేదు.

ఆయన "బాగుంది" అన్నారు. అంతే. ఆ ఒక్క మాటకి దాని ముఖం చేటంతయింది. నేను "శభాష్" అని అరిచి, వీపు తట్టి, జీడిపప్పు పొట్లాలు కొనిపెట్టిన రోజుల్లో ఆ ముఖం అంత వెలగలేదు. దాచుకోవడానికేముంది, ఉడుక్కుపోయాను.

ఆయన చెడ్డవాడైతే నాకు హాయిగా ఉండేది. పైగా వినయం ఒకటి.

"మాట స్పష్టంగా ఉందండి మేడం గారూ ఈ పిల్లలకి. అదంతా మీ చలవేనండి. ఇప్పుడు కాస్త తగ్గించుకోవాలండి."

"ఏం తగ్గించాలండీ?"

"గొంతండి."

ఆ సోమవారమే నా పిల్లని కాలవగట్టుకి రమ్మన్నాను. వచ్చింది కానీ అవతలి గట్టుకి కదల్లేదు. బూటు మొనతో మట్టి గీకుతూ నిలబడింది.

"సార్ అరవద్దన్నారండి మేడం. గొంతు పాడైపోద్దంటండి."

"అయితే ఇన్నాళ్ళూ పాడు చేసింది నేనన్నమాట."

"అయ్యో, లేదండి! మీరు నేర్పింది కూడా బాగుంటాదండి."

కూడా! ఆ 'కూడా' దగ్గర నా ప్రాణం ఉసూరుమంది. ఆ రాత్రి పులుసులో ఉప్పు వేయడం మర్చిపోయాను. మావారు ఒక ముద్ద తిని, నావైపు చూసి, "ఏంటోయ్, ఆ మండపేట కుర్రాడి మీద కుళ్ళా?" అన్నారు. "నాకేం ఖర్మ?" అని ఉప్పు డబ్బా ఆయన ముందు ఠక్కున పెట్టాను. ఆయన ఉప్పు కలుపుకుని తిన్నారు.

తర్వాత ఓ శనివారం ఆ మండపేట సార్ సీనియర్ బ్యాచిని సఖినేటిపల్లి రేవుకి తీసుకెళ్ళారు. గోదావరి దాటి నరసాపురం పోయే పంటు ఎక్కే మనుషులు ఎలా నిలబడతారో, ఎలా ఎదురు చూస్తారో గమనించమన్నారట. నన్ను పిలవలేదు. నేను కుందేళ్ళ దగ్గర ఉండిపోయాను. సోమవారం ఆ పిల్లలు తరగతిలో ఒకటే గుసగుసలు. రేవులో బుట్ట దించుకున్న ముసలమ్మ నడుం ఎలా పట్టుకుందో, మోటారు సైకిలు పంటు మీదికి ఎక్కించే ఆయన మెడ ఎలా బిగుసుకుపోయిందో చేసి చూపించుకుంటున్నారు. నేను సంధులు చెబుతుంటే ఒక్కడైనా వింటే ఒట్టు.

ఆ రేవులోంచే వాళ్ళకో నాటకం పుట్టింది. పిల్లలే అల్లుకున్నారు. ఒకామె రేవుకి భర్త కోసం అన్నం క్యారేజీ తెస్తుంది. అతని పడవ రాదు. చివరికి ఒకడొచ్చి పడవ తిరగబడిందని చెబుతాడు. ఆమె ఒక్కటే మాటంటుంది, "అన్నం చల్లారిపోద్ది." అక్కడితో తెర. ఆమె వేషం నా పిల్లది. అమలాపురంలో స్కూళ్ళ పోటీలకి ఆ నాటకమే ఖాయమైంది.

నాకూ ఒక పని ఇచ్చారు. ప్రాంప్టింగు.

"అవసరం పడదనుకోండి. మీరు పక్కనుంటే పిల్లలకి ధైర్యమండి" అన్నారాయన. నవ్వాను. ఎలా నవ్వానో నాకే తెలుసు.

ఆ చివరి మాట దగ్గర ఆయన నా పిల్లకి ఏం నేర్పారంటే, కబురు వినగానే ఒక్క క్షణం ఆగి, తల దించి, నెమ్మదిగా గొణిగినట్టు అనాలి. మొగుడు పోతే గొణగడమేమిటి? మా కోనసీమలో అలా ఎవరు గొణుగుతారు? పోటీకి ముందురోజు సాయంత్రం దాన్ని లైబ్రరీ గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేసి నా పద్ధతి నేర్పాను. క్యారేజీ జారిపోవాలి, మోకాళ్ళ మీద పడాలి, గుండెలు బాదుకుంటూ ఆ మాటని ఆకాశానికి విసరాలి. అది చేసింది. నేను ఎలా చెబితే అలా, వెంట్రుకవాసి తేడా లేకుండా. నాకే కళ్ళు చెమర్చాయి.

"రేపు స్టేజీ మీద ఇదే వెయ్యాలి, తెలిసిందా?"

అది లేచి మోకాళ్ళ దుమ్ము దులుపుకుంది. "మరి సార్ ఏమీ అనుకోరా అండి?"

"నన్ను నొప్పించినా పర్లేదు, ఆయన్ని నొప్పించకూడదా?"

"ఇద్దర్నీ నొప్పించకూడదండి" అంది. "చూద్దామండి మేడం."

చూద్దాం అంటే ఏమిటని రాత్రంతా పొర్లాను. నాకు బహుమతి అక్కర్లేదు, కప్పు అక్కర్లేదు. ఆ ఒక్క మాట అది నాలాగా అనాలి, అది నా పిల్లేనని అమలాపురం వినాలి. మరో కోరిక లేదు.

పోటీ శుక్రవారం పడింది. తెర లేవబోతుండగా అది గాజులు గలగలలాడిస్తూ నా దగ్గరికి పరుగున వచ్చింది. నన్ను గట్టిగా పట్టుకుంటుందనుకున్నాను. చేతిలో ఫోను పెట్టింది.

"మేడం, మేడం, కాస్త పట్టుకోరా అండి? మా అమ్మ చూస్తానందండి. శుక్రవారం కదండి, అక్కడ సెలవండి."

వాళ్ళమ్మ కువైట్‌లో ఒకరింట్లో వంట చేస్తుంది. పిల్ల అమ్మమ్మ దగ్గర పెరిగింది. ఆవిణ్ని నేనెప్పుడూ చూడలేదు. ఫోనులో సన్నటి ముఖం, వెనక గోడ మీద ఓ క్యాలెండరు. "నమస్కారమండి మేడం గారూ, మీ గురించే చెప్తా ఉంటదండి" అంది. సరేనని ఒక చేత్తో కాగితాలు, ఒక చేత్తో ఫోను పట్టుకుని ఎడమవైపు తెర చాటున నిలబడ్డాను. కుడివైపు చాటున ఆయన.

నాటకం సాఫీగా నడిచింది. కబురు తెచ్చే కుర్రాడు వచ్చి, చెప్పి, తల వంచుకున్నాడు. ఇంక మిగిలింది ఆ ఒక్క మాట.

అది అనలేదు.

క్యారేజీ జారలేదు. తల వంగలేదు. ఊరికే నిలబడింది. ఆయన నేర్పిన క్షణం ఎప్పుడో దాటిపోయింది. హాల్లో కుర్చీలు కిర్రుమన్నాయి. వెనక వరసల్లోంచి ఒక పెద్దాయన గొంతు, "ప్రాంప్టరు గారూ, అందించండి బాబూ, పిల్ల మర్చిపోయినట్టుంది!" నాకు మాట నాలిక చివరిదాకా వచ్చింది. ఎదురుగా చూస్తే, ఆయన చెమటలు కక్కుతూ పెదాలతో "అన్నం... అన్నం..." అని అందిస్తున్నారు. గొంతు తగ్గించమన్న మనిషి!

నేను మాత్రం నోరు మెదపలేదు. మాట మర్చిపోతే అది పై పెదవి నాలికతో తడుముకుంటుంది. ఆరో తరగతి నుంచీ అంతే. ఇప్పుడు తడుముకోలేదు. అంటే దానికి మాట గుర్తుంది. ఈ సంగతి నాకు తెలుసు, ఆయనకి తెలియదు. అబ్బ, ఎంత సంబరమేసిందో! చూశారా సార్ గారూ, ఇది ఎవరి పిల్లో?

అప్పుడు అది, ఎవరో లోపల్నుంచి పిలిచినట్టు, ముఖం పక్కకి తిప్పుకుంది. చెవి మీద జుట్టు సర్దుకుంది. ఆ కాస్తసేపూ ముఖం ఎవరికీ కనపడలేదు. మళ్ళీ ఇటు తిరిగేసరికి చిన్నగా నవ్వుతోంది. రోజూ మాట్లాడే మామూలు గొంతుతో, "అన్నం చల్లారిపోద్దండి. బేగా రమ్మని చెప్పండి" అంది.

రమ్మని చెప్పండి అన్నది నాటకంలో లేదు. ఎక్కడో ఒకావిడ వెక్కింది.

ఇది నేను నేర్పింది కాదు. ఆయన నేర్పిందీ కాదు. ఎక్కడిదిరా ఇది అనుకుంటూ, పొరపాటున నా చేతిలోని ఫోను వైపు చూశాను. వాళ్ళమ్మ, ఎవరో లోపల్నుంచి పిలిచినట్టు, ముఖం పక్కకి తిప్పుకుని చెవి మీద జుట్టు సర్దుకుంటోంది. కాసేపటికి ఇటు తిరిగి నవ్వింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఇన్నేళ్ళుగా ప్రతి శుక్రవారం ఆ పిల్ల ఫోనులో చూస్తున్నది దీన్నన్నమాట.

అంతదాకా ఆ కుర్రాడి మీదున్న మంటంతా ఒక్కసారిగా ఆవిడ మీదికి మళ్ళింది. ఎదురుగా ఉన్న మనిషితోనైతే పోటీ పడొచ్చు. సముద్రం అవతల వంటింట్లో ఉన్న మనిషితో ఎలా పడను?

తెర పడింది. చప్పట్లు ఆగలేదు, "వన్స్ మోర్" అని కూడా అరిచారు. అవతల ఆయన మంచినీళ్ళ సీసా మూత తీసి పట్టుకుని నిలబడ్డారు. అది ఆయన వైపు వెళ్ళలేదు. రెండు చేతులూ చాచి నావైపే పరుగెత్తుకొచ్చింది. కాగితాలు కింద పడేసి నేనూ చేయి చాచాను.

అది నా రెండో చేతిలోంచి ఫోను లాక్కుంది.

"అమ్మా! కనపడ్డానా?"

"కనపడ్డావే నా తల్లీ. మీ మేడం గారు ఫోను కదపకుండా బాగా పట్టుకున్నారే. ఆవిడకి థాంక్స్ చెప్పు."

"ఆయ్, చెప్తానమ్మా" అంది.

చెప్పింది కూడా.