తెర మీద లేని మొదటి పేరు

మా వదినని ఆఫీసులో జలగ అంటారు. పట్టుకుంటే వదలదని. ఇంట్లో మేమూ అలాగే అనుకుంటాం గానీ పైకి అనే ధైర్యం కట్టుకున్న మా అన్నయ్యకే లేదు, ఇక నాకెక్కడిది.

పనిచేస్తున్న డీటీపీ షాపు మూతపడ్డాక, తలలో తెల్లవెంట్రుకలు కనబడే వయసులో, వెబ్ ప్రోగ్రామింగ్ నేర్చుకుంది. ఒక చిన్న ఆఫీసులో చేరింది. తనకి ఒంటరిగా అప్పజెప్పిన మొదటి పని ఓ డయాలసిస్ సెంటర్‌ది. ఏ పూట ఎవరికి ఏ మంచమో గోడ మీది తెరలో కనబడాలి. అంతకుముందు పెద్ద నర్సు సుద్దముక్కతో బోర్డు మీద రాసేది.

తెర పెట్టిన రోజే కొంప మునిగింది. రిటైరైన బస్సు కండక్టరమ్మ ఒకావిడ అందరికంటే ముందొచ్చి కూర్చుంటుంది. మొదటి మంచం ఆవిడదే. తెర మీద ఆవిడ పేరు లేదు. మంచం ఖాళీ అనుకుని టెక్నీషియన్ అక్కడ ఇంకొకర్ని పడుకోబెట్టాడు. పిలుస్తార్లే అని ఆవిడ నోరు మెదపకుండా కూర్చుంది. పిలిచేసరికి మధ్యాహ్నం దాటింది. అప్పటికి కాళ్లు వాచి, ఆయాసంతో కుర్చీలోనే వంగిపోయింది.

పెద్ద నర్సు వదినకే ఫోన్ చేసింది. "రేపు ఒక్క పేరు తగ్గినా మీ తెర పీకించేస్తాను. నా సుద్దముక్క నాకుంది."

వదిన కంప్యూటర్ తెచ్చి వంటింటి బల్ల మీద పెట్టుకుంది. డేటాబేస్‌లో కండక్టరమ్మ పేరు నిక్షేపంలా ఉంది. ఆ పేరు తీసేసి చూస్తే ఈసారి రెండో ఆవిడ మాయమైంది. అంటే ఎవరు మొదట ఉంటే వాళ్లే పోతున్నారన్నమాట.

"అయితే పైన ఒక దొంగ పేరు పెట్టేయండి. పోతే అదే పోతుంది" అన్నాడు ఆఫీసు యజమాని ఫోన్లో.

"పెట్టనండి. ఎందుకు పోతోందో తేలాలి" అని వదిన ఫోన్ పెట్టేసింది.

అన్నయ్య అన్నానికి పిలిస్తే వినబడలేదు. కోపం, భయం కలిసి మొహం కందిపోయింది. చివరికి నన్ను పిలిచి చెంచాల డబ్బా చేతికిచ్చింది. "నువ్వు డేటాబేస్‌వి. అడిగినప్పుడల్లా ఒకటియ్యి. ఈ పళ్లెం అర్రే, అంటే పేర్ల జాబితా. ఇందులో పేర్చినవే తెర మీదకెళ్తాయి."

చదువుకున్న చదువంతా చెంచాలు అందించడానికి పనికొచ్చింది. వదిన తను రాసిన ప్రోగ్రాం వరసలు ఒక్కొక్కటే చదువుతూ చేతులతో చేసుకుపోయింది.

"ముందు అసలు ఎవరైనా ఉన్నారో లేదో చూడాలి. ఒకటియ్యి." డబ్బాలో పైనున్న గరిటె ఇచ్చాను. "ఉన్నారు. ఇక పేర్చడం. ఇయ్యి. ఇంకోటి. ఇంకోటి."

డబ్బా ఖాళీ అయింది. పళ్లెం నిండింది. గరిటె మాత్రం ఎడమచేతిలోనే ఉండిపోయింది. వదిన దానివంక చాలాసేపు చూసింది.

"ఉన్నారో లేరో చూడ్డానికి ఒకర్ని తీసి, ఆ ఒకర్నే పక్కన పడేశాను."

అన్నీ అర్రేలో పేర్చాకే అది ఖాళీయో కాదో చూసేట్టు మార్చేసింది.

మర్నాడు పొద్దున్నే నన్ను వెంటేసుకుని సెంటర్‌కి వెళ్లింది. తెర మీద అన్నిటికంటే పైన కండక్టరమ్మ పేరు. నిన్న ఆలస్యమై డయాలసిస్ పూర్తికాలేదని ఇవాళ మళ్లీ రమ్మన్నారట. వదిన ఆవిడ మంచం దగ్గరికెళ్లి, నిన్నటి తప్పు తనదేనని, ఎలా జరిగిందో కూడా చెప్పింది.

ఆవిడ విని, "బస్సులో మనుషులున్నారా లేదా అని ఒకణ్ని దింపి చూసి, వాణ్ని ఎక్కించుకోకుండానే రైట్ రైట్ అన్నావన్నమాట" అని నవ్వింది. వదినకి నవ్వు రాలేదు. కళ్లు తుడుచుకుని బయటికొచ్చి యజమానికి ఫోన్ చేసింది.

"ఆఫీసులో మిగతావాళ్లతో కలిసి వేరే కస్టమర్లకి చేసిన పేజీల్లో కూడా నేను ఇలాగే రాశానండి. ఇవాళ అన్నీ తెరిచి చూస్తాను."

"ఆ కస్టమర్లెవరూ అడగలేదు కదమ్మా?"

"ఈవిడా అడగలేదండి. కూర్చునే ఉంది."