మంగత్త వంటింటికి ప్రపంచ ఖ్యాతి

హేతువాదికి జరగకూడని ప్రమాదాలు రెండు. మొదటిది, దయ్యం ఎదురుపడటం. రెండోది నాకు జరిగింది. అంతా విన్నాక దయ్యమే నయమని మీరే అంటారు.

రెండువేల దశకం మొదట్లో పుదుచ్చేరిలో నా వృత్తి ఏదైనా, వ్యసనం మాత్రం సభల్లో లేచి "రుజువేది?" అని అరవడం. అలాంటి నా దగ్గరికి నా మిత్రుడు, ఆర్కిటెక్టు ఆర్. దామోదరం ఓ కవరు నిండా ఫొటోలు తెచ్చాడు.

"కిరుమాంబాక్కంలో మా మంగత్తకు కట్టిన ఇల్లురా. వాస్తు లేదు. వంటింటికి కప్పే లేదు!"

"కప్పెందుకు లేదు?"

"ఆకాశమే కప్పు. నువ్వు ఫ్రెంచిలో రాసివ్వు, మిగతాది నేను చూసుకుంటా."

వాస్తు లేదన్న మాటకే నా రక్తం పాలగిన్నెలా పొంగింది. ఆ ఊరు బస్సులో అరగంట. వెళ్లి చూశానా? ఫొటోలుండగా బస్సెందుకండీ! కూర్చున్నచోటే రాసేశాను: "మూఢనమ్మకంపై కాంక్రీటు విజయం. ఇక్కడ గృహిణి వానతో సంభాషిస్తూ వండుతుంది."

దామోదరం దాన్ని దేశదేశాల పత్రికలకు పంపాడు. ఒక పత్రికలో అచ్చవడమే రెండోదానికి రుజువు, రెండోది మూడోదానికి. ఏడాది తిరిగేసరికి ఫ్రెంచివాళ్లుండే వైట్ టౌన్‌లో విదేశీయులు సైకిళ్లు దిగి మరీ వాడికి నమస్కరించేవారు. వాడు అప్పటికి కట్టింది ఆ ఒక్క ఇల్లే.

చివరికి ఓ పెద్ద బహుమతికి ఇల్లు పరిశీలించడానికి ఫ్రాన్సు నుంచి ఇద్దరు వస్తున్నారన్నారు. ముందురోజు దామోదరంతో వెళ్లి ఇంటిని తొలిసారి చూశాను. వంటింటి మీద కొబ్బరాకుల పందిరి!

"అత్తా, రేపొక్క పూట ఇది తీసేద్దాం" అన్నాడు దామోదరం.

"ఏంది దామూ! ఫొటోలు తీసిన ప్రతిసారీ గ్రైండరు, గిన్నెలు, మీ మామను గూడా బయట పెట్టిస్తివి. బహుమతి వచ్చేదాకా స్లాబు వేయనీనంటివి. ఐప్పసి నెల జడివానలో నేను యాడ వండేది?"

నేను గొంతు సవరించుకున్నాను. "అమ్మా, వానకు భయపడటం కూడా ఒక మూఢనమ్మకమే."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. పందిరి నేనే దగ్గరుండి విప్పించాను.

మర్నాడు అతిథులు గడప దాటారో లేదో, వాన దిగింది. స్టవ్ ఆరింది. సాంబారు గిన్నెలో నీరు అంచుదాకా లేచింది. మంగత్త గరిటె ఎత్తి మా మీద తిట్లు అందుకుంది.

"ఆవిడ ఏమంటున్నారు?" అని ఫ్రెంచి మేడమ్ నన్నడిగింది.

"వానతో సంభాషిస్తున్నారు."

"వాన అటుంది. ఆవిడ మీ వైపు చూస్తున్నారే?"

నేను గరిటెకు అందకుండా పక్కకు జరిగాను. మేడమ్ జుట్టు పిండుకుంటూ అడిగింది: "మీ వ్యాసం చదివే వచ్చాం. ఇంతకీ వానలో ఈ వంటింట్లో మీరెంతసేపు ఉన్నారు?"

నా "రుజువేది?" నాకే ఎదురైంది. గడియారం చూసుకుని నిజం చెప్పాను. "ఇప్పటికి ఇరవై నిమిషాలు."

బహుమతి రాలేదు. ఆ వారమే మంగత్త స్లాబు వేయించుకుంది. దామోదరానికి మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు. తడిసిన మేడమ్ ఫొటోను "వానలో మైమరచిన విదేశీ నిపుణురాలు" అని మరో పత్రికలో వేయించాడు.

కనుక పాఠకులారా, ఇదే నా ప్రతిజ్ఞ: పొయ్యి వెలిగించి, పప్పు ఉడికేదాకా అక్కడే నిలబడనిదే ఏ ఇంటినీ పొగడను. దీనికి దేవుడు సాక్షి అని రాయడానికి నా సిద్ధాంతం ఒప్పుకోదు. మంగత్త సాక్షి.