చేపల కేక నేర్చుకున్న అక్క

నా చిన్నప్పుడు మేము విశాఖపట్నంలో పోర్టు క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. పక్కింటి అక్క అంటే నాకు ప్రాణం. ఆమె ఆదివారం చర్చిలో ఆర్గన్ వాయించేది, రేడియోలో లలిత గీతాలు పాడేది, కాలేజీ నాటకాల్లో వేషం కట్టిందంటే కప్పు వాళ్ల కాలేజీదే. ఆమెకు రాని విద్య ఒకటుంటుందని పదేళ్ల నాకు తోచేది కాదు.

ఒక వేసవిలో ఊళ్లో పేరున్న నాటక సమాజం వాళ్లు ఆమెకు చేపలమ్మే తల్లి వేషం ఇచ్చారు. హార్బర్‌లో గుమాస్తాగా చేసే వాళ్ల నాన్నగారికి అది నచ్చలేదు. పెళ్లీడు పిల్లకు ఈ నాటకాలేమిటని నాలుగు రోజులు గొణిగి, చివరికి "ఇదొక్కటే. మళ్లీ అడిగితే నేను ఒప్పుకోను" అన్నారు. ఈ నాటకం పండకపోతే అక్క రంగస్థలం అక్కడితో ఆగిపోయినట్టే.

పాటలు చక్కగా కుదిరాయి. కానీ "చేపలో!" అని కేకేస్తూ ఆమె స్టేజీ మీదికి రావాలి. ఆ కేకే కుదరలేదు. రిహార్సల్లో ఎవరో కిసుక్కున నవ్వారట. అక్క ముఖం చిన్నబుచ్చుకుని ఇంటికొచ్చింది.

మర్నాడు పొద్దున్నే నన్ను వెంటబెట్టుకుని పూర్ణా మార్కెట్‌కు వెళ్లింది. చేపల వరసలో ఒక ముసలామె కేక సందు చివరి దాకా వినిపిస్తోంది. అక్క ఆమె పక్కన నిలబడి, కొంగు దోపుకుని, తనూ ఒక కేక వేసింది. వరసంతా ఘొల్లున నవ్వింది.

ముసలామె కత్తి పక్కన పెట్టి, "ఏటమ్మా అది? సేపలమ్ముతన్నావా, కచేరీ సేత్తన్నావా?" అంది.

రేడియోలో పాడే మనిషిని అంత మాట అంటుందా అని నాకు ఏడుపొచ్చింది. అక్క మాత్రం పకపకా నవ్వి, ఆ తడి బండ మీదే ఆమె ముందు కూర్చుంది. "నాకు రావట్లేదమ్మా. నేర్పుతావేటి?"

ముసలామె ఆమెను ఎగాదిగా చూసింది. "గొంతులోంచి కాదే తల్లీ, పొట్టలోంచి రావాల. మేడ మీద కూర తరుక్కుంటన్న ఆడమనిసి కత్తిపీట వదిలేసి కిందకి దిగాల."

పది రోజులు వెళ్లాం. అక్క గంప మోసింది, చేపలు తోమింది, తిట్లు తింది. నేను ముక్కు మూసుకుని చూశాను. ఒకరోజు రిక్షాలో తిరిగొస్తూ, "నీకు సిగ్గెయ్యదా అక్కా?" అని అడిగాను.

"నాకు రానిది ఆవిడకొచ్చు కదే. సిగ్గెందుకు?" అంది, వేళ్లకంటిన పొలుసులు గిల్లుకుంటూ.

నాటకం నాటి సాయంత్రం ముసలామె తలలో కనకాంబరాలు పెట్టుకుని ముందు వరసలో, అక్క వాళ్ల నాన్నగారి పక్కన కూర్చుంది. తెర వెనకనుంచి కేక లేచింది. హాలంతా ఉలిక్కిపడింది. మా వెనక కునికిపాట్లు పడుతున్న మా నాయనమ్మ కళ్లు తెరవకుండానే, "ఏమ్మాయ్! ఇలా రా, గంప దింపు!" అని గట్టిగా పిలిచింది.

జనం విరగబడి నవ్వారు. అక్క తడబడలేదు. చెయ్యి ఊపుతూ "వత్తన్నానమ్మా, ఉండు!" అని, అదే ఊపులో పాట ఎత్తుకుంది. చప్పట్లకు మొదటి చరణం వినపడనే లేదు. ముసలామె లేచి నిలబడి, "నాను నేర్పినాను దానికి!" అని అందరికీ చెప్పింది. అక్క వాళ్ల నాన్నగారు నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నారు. 'ఇదొక్కటే' అన్న మాట మళ్లీ ఎత్తలేదు.

తరవాత అక్క ఎన్నో ఊళ్లలో నాటకాలు ఆడింది, వాటికి తనే బాణీలు కట్టింది, సినిమాల్లో తల్లి వేషాలు వేసింది. గురువులెవరని సన్మాన సభల్లో అడిగితే సంగీతం మాస్టారి పేరు, ఆ వెంటనే ఆ చేపలామె పేరు చెప్పేది.

నేను సంగీతం టీచరునయ్యాను. మొన్న నా దగ్గర నేర్చుకునే పన్నెండేళ్ల పిల్ల కీర్తనలో ఒక సంగతిని నాకంటే అందంగా పలికింది. నేను కుర్చీ దిగి చాప మీద కూర్చుని, "మళ్లీ పాడమ్మా, నాకు నేర్పు" అన్నాను. పిల్ల సిగ్గుతో మెలికలు తిరిగిపోయింది. నాకు మాత్రం ఏ సిగ్గూ కలగలేదు.